పులికాట్‌లో ఇంటిల్లిపాదికీ ఒక అల్యూమినియం బోటు: 12 అడుగుల వీ-బాటమా, 14 అడుగుల ఫ్లాటా?

నాది తిరుపతిలో అల్యూమినియం ఫాబ్రికేషన్ షాపు. ట్యాంకర్లు, బండి బాడీలు, హోటళ్ళ కిచెన్ పనులు ఇవే ఎక్కువ, బోటు పని అప్పుడప్పుడు వస్తుంది, అదీ చాలావరకు రిపేరే. ఈ కేసులో మాత్రం బోటు కొనకముందే పిలిచినారు, అట్లా పిలిచేవాళ్ళు అరుదు కాబట్టి మొత్తం రాసి పెడుతున్నా, ఎవరికైనా పనికొస్తుంది.

పార్టీ వాళ్ళది తడ పక్కన. పెద్దాయన చిన్నప్పట్నుంచీ పులికాట్‌లో వల వేసిన మనిషి, ఇప్పటికీ తెల్లారుజామున పెద్దమ్మని వెంటబెట్టుకుని పోతాడు. కొడుక్కి శ్రీసిటీలో ఉద్యోగం, కోడలు, ఇద్దరు పిల్లలు. పాత ఫైబర్ బోటు అడుగున పొరలు పొరలుగా లేచిపోయి నీళ్ళు తాగి బరువెక్కింది, బురదలోంచి ఒడ్డుకి లాగాలంటే నలుగురు కావాల. అందుకే అల్యూమినియం అనుకున్నారు. వారమంతా ముసలాళ్ళిద్దరూ వలకి పోతారు, ఆదివారం పిల్లల్తో గాలాలు, పీతలు, ఎప్పుడన్నా ఇరకం దీవిలో చుట్టాల ఇంటికి. ఒకటే బోటు ఇన్ని పనులకీ.

చేతిలో రెండు బేరాలున్నాయి. ఒకటి చెన్నై వైపు సెకండ్ హ్యాండ్‌లో దొరికిన ఫారిన్ బోటు, 12 అడుగులు, రివెట్లు కొట్టినది, అడుగు వీ ఆకారం. రెండోది ఒక షెడ్డులో కొత్తగా కట్టి పెట్టినది, 14 అడుగులు, వెల్డింగ్ బాడీ, అడుగు బల్లపరుపు. కొడుక్కి మొదటిదాని మీద మనసు, చూడ్డానికి ముక్కు లేచి బలే ఉంటుంది, వీడియోల్లో అందరూ అదే వాడతారు. పెద్దాయనకి రెండోదే. "అది పరిగెత్తే బోటు అబ్బయా, నాకు నిలబడే బోటు కావాల" అన్నాడు ఫోన్‌లో. నేను రాయబోయేదంతా ఒకరకంగా ఆ మాటకి లెక్కలు కట్టడమే. ఎందుకంటే ఇంటివాడకం బోటు నీళ్ళలో ఉన్న టైమ్‌లో ఎక్కువ భాగం కదలకుండానే ఉంటుంది, వల లాగేటప్పుడు, గాలం వేసుకుని కూర్చున్నప్పుడు, పిల్లల్ని ఎక్కించి దించేటప్పుడు, ప్రమాదం కూడా అప్పుడే ఎక్కువ. అమ్మేవాడు మాత్రం ఇంజన్ రేజ్ చేసి స్పీడు చూపిస్తాడు.

ముందు నీళ్ళ సంగతి. పులికాట్ పెద్దదే గానీ లోతు లేదు, సగటున మీటరు అంటారు, ఎండాకాలం మన వైపు ఉత్తరంలో అదీ ఉండదు, రాయదొరువు ముఖద్వారం ఇసకతో పూడిపోయినప్పుడు నీళ్ళు వెనక్కి తగ్గి మోకాటి లోతు బురద బయలుపడుతుంది. ఈశాన్య రుతుపవనాలొస్తే, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, కథ రివర్స్, నీళ్ళు నిండుగా, గాలి గట్టిగా. మామూలు రోజుల్లో కూడా మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగిందంటే పొట్టి పొట్టి అలలు లేస్తాయి, ఎత్తు తక్కువే, కానీ ఒకదాని వెంట ఒకటి దగ్గర దగ్గరగా వస్తాయి. ఈ రెండూ ఒకదానికొకటి పడవు చూడండి. లోతు లేని నీళ్ళకి ఫ్లాట్ బాటమ్ కావాల, పొట్టి అలలకి వీ-బాటమ్ మేలు. అందుకే తండ్రీకొడుకులిద్దరి మాటలోనూ నిజం ఉంది.

పాత బోటు

చెన్నై బోటు చూడ్డానికి పోయినప్పుడు చేసిన మొదటి పని దాన్ని స్టాండ్ల మీద పెట్టించి లోపల నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోయించడం. రివెట్ బోటుకి దీన్ని మించిన టెస్ట్ లేదు, బయటనుంచి నీళ్ళలో పెడితే లోపలికి ఎక్కడ వస్తుందో కనపడదు, లోపల పోస్తే కింద బొట్టు బొట్టు కారే ప్రతి రివెట్టూ దొరికిపోతుంది, చాక్‌పీసుతో రౌండ్ వేసుకుంటూ పోవడమే. అరగంటకి ముందు సీటు కింద ఒక వరస, మధ్య సీటు కింద ఒక వరస తడిసినాయి. ఇది పెద్ద జబ్బేం కాదు, అలల మీద దబదబా కొట్టుకుని రివెట్లు వదులవుతాయి, లోపల దిమ్మ ఆనించి మళ్ళీ బిగగొట్టొచ్చు, లేదంటే కొత్త రివెట్టు వేసి సీలెంట్ పెట్టొచ్చు.

భయపెట్టింది వెనక పలక. ట్రాన్సమ్ అంటాం, ఇంజన్ తగిలించే చోటు. అల్యూమినియం రేకుల మధ్యలో ప్లైవుడ్ ఉంటుంది దాంట్లో. సుత్తి పిడితో తడితే మంచి చెక్క టక్ టక్ అంటుంది, ఇది డబ్ డబ్ అనింది. బోల్టు ఒకటి ఊడదీయించి ఆ బొక్కలో స్క్రూడ్రైవర్ పెడితే పిండి పిండిగా వచ్చింది. పైగా ఎవరో ఎప్పుడో రాగి మందు పట్టించిన ప్లైవుడ్ వేసినట్టున్నారు, రేకు లోపలివైపు తెల్లపొడి పేరుకుని ఉంది. రాగి, ఉప్పునీళ్ళు, అల్యూమినియం, ఈ మూడూ ఒకచోట చేరితే పోయేది అల్యూమినియమే. బోటు అడుక్కి సముద్రం పెయింట్లు వేసేవాళ్ళు కూడా డబ్బా వెనక చదవాల, రాగి కలిసిన యాంటీఫౌలింగ్ పెయింట్, అంటే అడుగున నాచు, గుల్లలు పట్టకుండా వేసేది, మామూలు బోట్లకి బాగుంటుంది, అల్యూమినియానికి నేరుగా వేస్తే చిల్లులే.

ఇంకోటి, సీట్ల కింద ఫోమ్. బోటు నిండా నీళ్ళొచ్చినా మునగకుండా తేలడానికి పెట్టేది అది. కాటాకి కట్టి తూస్తే బోటు ఉండాల్సినదానికన్నా బాగా బరువు తూగింది, సీటు ప్యానెల్ ఒకటి విప్పించి ఫోమ్ గట్టిగా నొక్కితే చేతికి తడి. నీళ్ళు తాగిన ఫోమ్ తేల్చదు, బరువు మాత్రం పెంచుతుంది. అమ్మేవాళ్ళు ఈ సంగతులేవీ చెప్పలేదు, కొత్త పెయింట్ మాత్రం నిగనిగలాడుతోంది.

చివరగా షాఫ్ట్ సంగతి, అంటే ఇంజన్ నుంచి ప్రొపెల్లర్ దాకా కిందికి దిగే కాలు పొడుగు, దీంతోనే నాకు సగం తేలిపోయింది. ఆ ట్రాన్సమ్ ఎత్తు 20 అంగుళాలు. వీళ్ళ ఇంట్లో ఉన్న 9.9 హార్స్‌పవర్ ఇంజన్ షార్ట్ షాఫ్ట్, అంటే 15 అంగుళాల ట్రాన్సమ్‌కి. తగిలిస్తే ప్రొపెల్లర్ అయిదంగుళాలు పైకి ఉండిపోయి గాలి లాగుతుంది, ఇంజన్ అరుస్తుంది, బోటు కదలదు. ట్రాన్సమ్ కోసి దించితే వెనకనుంచి వచ్చే అల నేరుగా లోపలికే. కొత్త ఇంజన్ కొంటే బోటు ఖర్చుకి ఇంకో బోటు ఖర్చు తోడు. బోటు చూడ్డానికి పోయేముందు టేపు తీసుకుని మీ ఇంజన్ కొలుచుకుని పోండి, పది పైసల ఖర్చు లేదు.

కొత్త బోటు

షెడ్డు బోటు అయితే చూడ్డానికి ఒక పెట్టె. మూడు ఎంఎం షీటు, అడుగు నాలుగడుగుల వెడల్పు, పైన అంచుల దగ్గర అయిదడుగుల మూడంగుళాలు. మెరైన్ గ్రేడే సార్ అన్నారు. మన ఊళ్ళలో అల్యూమినియం షీటంటే షాపువాడు ఇచ్చేది మామూలు కమర్షియల్ గ్రేడ్, గిన్నెలకీ సీలింగులకీ బాగుంటుంది, ఉప్పునీళ్ళకి కాదు. బోటుకి 5052 గానీ 5083 గానీ కావాల, మెగ్నీషియం కలిసిన జాతి. నోటిమాట నమ్మకుండా మిల్లు సర్టిఫికెట్ అడిగితే చూపించినారు, మిగిలిపోయిన ముక్క మీద 5052 ప్రింటు కూడా ఉంది. వెల్డింగ్‌కి ఏ రాడ్ వాడినారంటే 5356 అన్నారు, సరిపోతుంది.

వెల్డింగ్ మాత్రం వదల్లేదు. అడుగు షీటు, పక్క షీటు కలిసే మూల పొడుగునా డై పెనెట్రంట్ కొట్టినా. ఎర్ర రంగు కొట్టి, తుడిచేసి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఎక్కడున్నా ఎర్ర గీత తేలుతుంది. మూలంతా బాగుంది, ముందునుంచి మూడో రిబ్బు (అడుగుకి బలంగా లోపల వేసే అడ్డపట్టీ) దగ్గర, వెల్డింగ్ ఆపిన చివర్లో మాత్రం వెంట్రుకంత ఎర్ర గీత. క్రేటర్ పగులు అంటాం, వెల్డర్ చివర్లో టార్చ్ టక్కున లేపేస్తే వస్తుంది. ఇప్పుడు వెంట్రుకంతే, రోజూ అలలు తడుతుంటే పెరుగుతుంది. గ్రైండ్ చేసి మళ్ళీ కట్టమన్నా, నా కళ్ళ ముందే కట్టినారు.

దీనికి ఉన్న అసలు లోపం ఫోమ్ లేకపోవడం. సీట్లు ఉత్త డబ్బాలు. "ఖాళీ డబ్బాలే కదన్నా, గాలుంది కదా, తేలుతుందిలే" అన్నాడు షెడ్డు కుర్రోడు. డబ్బాకి ఒక్క చిల్లు పడితే ఆ గాలి పోతుంది నాయనా.

నీళ్ళలో

తమిళనాడులో పళవేర్కాడు వైపు ఒకటి, మన వైపు భీములవారిపాలెం దగ్గర ఒకటి, రెండు బోట్లనీ నీళ్ళలో పెట్టి చూసినాం. నేను ఎనబై కిలోల మనిషిని. లోపల పెద్దాయన, కొడుకు కూర్చుని ఉండగా వల లాగే మనిషి ఎట్లా నిలబడతాడో అట్లా ఒక పక్కకి నిలబడి ముందుకి వంగినా. వీ-బోటు గబుక్కున ఒరిగింది, తర్వాత ఆగింది, ఆగినచోట అంచుకీ నీళ్ళకీ మధ్య నాలుగు వేళ్ళ సందు మిగిలింది. ఆ టైమ్‌లో ఒక చిన్న అల వచ్చినా లోపలికే. ఫ్లాట్ దాంట్లో అదే పని చేస్తే జానెడు పైన మిగిలింది, ఒరగడం కూడా నిదానంగా ఒరిగింది. పెద్దమ్మ ఒడ్డునుంచి చూస్తా "ఆ మొదటిదాంట్లో నేనెక్కనుగాక ఎక్కను" అనేసింది. వారంలో ఆర్రోజులు ఆ బోటెక్కేది ఆమే, ఆమె ఓటుకి నేను ఎక్కువ మార్కులేసినా.

మనుషుల లెక్కకి అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్ళ సూత్రం ఒకటుంది, చిన్న బోట్లకి పనికొస్తుంది: పొడుగు అడుగుల్లో, వెడల్పు అడుగుల్లో, రెండూ గుణించి 15తో భాగించడం. పాతదాని వెడల్పు 4.7 అడుగులు, 12తో గుణిస్తే 56, 15తో భాగిస్తే 3.7, అంటే ముగ్గురు. కొత్తది 14 ఇంటూ 5.3, సుమారు 74, భాగిస్తే 4.9, నలుగురనే అనుకోవాల. సూత్రం కూడా గాలి లేని రోజుకి, తలకి 68 కిలోల లెక్కన. ఇంట్లో ఉన్నది ఆరుగురు. అంటే రెండు బోట్లలో ఏదీ ఇంటిల్లిపాదినీ ఒకేసారి మొయ్యదు, ఇది నేను మొహం మీదే చెప్పేసినా. "పిల్లలు చిన్నోళ్ళే కదన్నా, ఇద్దరు కలిసి ఒక్కరే" అన్నాడు కొడుకు. బరువు లెక్కలో కరెక్టే, కానీ పిల్లలు కూర్చున్నచోట కూర్చోరు, పెద్దోడు చేప పడిందని అరిస్తే ఇద్దరూ ఒకే పక్కకి ఉరుకుతారు. ఇరకం పోవాలంటే రెండు ట్రిప్పులు, అంతే.

లోతు లెక్క కూడా పేపర్ మీద వేసి చూపించినా. ఫ్లాట్ బోటు అడుగు నీళ్ళని తాకే వైశాల్యం దాదాపు 4.4 చదరపు మీటర్లు, అంటే ప్రతి 44 కిలోలకీ ఒక సెంటీమీటరు కిందికి దిగుతుంది. బోటు 130, ఇంజన్ 40, పెట్రోలు, వలలు కలిపి 60, నలుగురు మనుషులు 270 అనుకుంటే మొత్తం 500. దిగేది పదకొండు పన్నెండు సెంటీమీటర్లు, అయిదంగుళాల లోపే. ఇంజన్ కింది భాగానికి ఇంకో అడుగు వేసుకోండి, మోకాటి లోతు నీళ్ళలో పోతుంది, ఇంకా తక్కువైతే ఇంజన్ లేపేసి గెడతో తోసుకోవచ్చు. వీ-బోటు అంత బరువుతో మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ దిగుతుంది. లోతున్న రిజర్వాయర్‌లో ఈ తేడాని ఎవరూ పట్టించుకోరు, మే నెల పులికాట్‌లో మాత్రం ఇంటికి రావడానికీ బురదలో కూరుకుపోవడానికీ ఉన్న తేడా అదే.

కొడుకు అడిగిన ప్రశ్నకి మాత్రం నేను దాటేసే జవాబు చెప్పలేదు. మధ్యాహ్నం గాలిలో ఫ్లాట్ బోటు పరిస్థితేంది? బాగుండదు. డబాడబా కొడుతుంది, ముందు కూర్చున్నోళ్ళు తడిసి ముద్దవుతారు, నడుం నొప్పి గ్యారంటీ. టెస్ట్ రోజు గాలి తిరిగేదాకా ఆగి మరీ చూపించినా, వేగం తగ్గించి, అలకి ఎదురు పోకుండా కొంచెం ఏటవాలుగా కోసుకుంటా పోతే భరించొచ్చు, బరువు ముందు పెట్టకూడదు, పిల్లల్ని మధ్య సీట్లోనే కూర్చోబెట్టాల. పొద్దున పదకొండులోపల తిరిగి ఒడ్డుకి రావడం పెద్దాయనకి ఎట్లాగూ అలవాటే. ఈశాన్య గాలుల నెలల్లో పిల్లలతో ఆదివారం షికారు వద్దు, ఆ నెలల్లో వీ-బోటైనా నేను వద్దనే చెప్పేవాణ్ణి.

ఫ్లాట్ బోటే తీసుకున్నారు. ఫోమ్ లేకుండా నీళ్ళలో దించకూడదని కండిషన్ పెట్టి నా షాపుకే తెప్పించినా.

షాపులో చేసిన పని

ఫోమ్ లెక్క ఇట్లా. అల్యూమినియం నీళ్ళలో మునిగితే దాని బరువులో మూడోవంతు పైచిలుకు నీళ్ళే మోస్తాయి, 130 కిలోల బోటు 82 కిలోలు తూగుతుంది. ఇంజన్‌కి ఇంకో 30 వేసుకుంటే 112. ఒక లీటరు ఫోమ్ సుమారు ఒక కిలోని తేలుస్తుంది, కాబట్టి 112 లీటర్లు బోటుకే పోతాయి, మనుషులు పట్టుకుని వేలాడ్డానికి మిగులు కావాల కదా, అందుకని 200 లీటర్లు పెట్టినాం, అంటే ఇళ్ళ ముందర నీళ్ళు పట్టుకునే పెద్ద డ్రమ్ము ఒకటి నిండా. మొత్తం అడుగున పెడితే నిండినప్పుడు బోటు తిరగబడుతుంది, అందుకే సీట్ల కింద పైభాగంలో, రెండు పక్కలా అంచుల వెంబడి సర్దినాం. థర్మాకోల్ వద్దు, చవకే గానీ పెట్రోలు పడితే కరిగిపోతుంది. నీళ్ళు తాగని పాలిథిన్ ఫోమ్ వాడినాం. పూర్తయినాక షాపు పక్క సంపులో పెట్టి చూడ్డం కుదరదు కాబట్టి ఒడ్డు దగ్గర నడుం లోతులో నిండా నీళ్ళు నింపి చూసినాం, అంచులు బయటికి కనపడతా సమంగా తేలింది. కొడుకు మొహం అప్పుడు కొంచెం విచ్చుకుంది.

స్టీల్ బోల్టు అల్యూమినియాన్ని తాకేచోటల్లా నైలాన్ వాషర్, సీలెంట్. ఉప్పు కలిసిన నీళ్ళు కాబట్టి వెనక అల్యూమినియం ఆనోడ్ బిళ్ళ ఒకటి (బోటు రేకుకి బదులు ముందు తాను తినిపోయేది), మంచినీళ్ళ రిజర్వాయర్‌కైతే మెగ్నీషియంది వేసేవాణ్ణి. ఇంకా ఎండ సంగతి. మన ఎండలకి ఉత్త రేకు మీద కాలు పెడితే చుర్రుమంటుంది, పిల్లలైతే గెంతుతారు, గెంతితే ఏమవుతుందో పైన రాసినా. లేత రంగు పెయింట్ వేసి, అడుగున ఊడదీసి కడుక్కునేట్టు వెదురు తడికలు వేయించినాం. తడిక వల్ల శబ్దం కూడా తగ్గింది, అల్యూమినియం బోటులో తెడ్డు కింద పడితే ఊరంతా వినపడుతుంది, చేప ఆగుతుందా.

పెద్దాయనకి గట్టిగా చెప్పింది వలల గురించి. వలకుండే సీసపు గుళ్ళు తడిగా బోటు అడుగునే పడుంటే, వాటి కింద ఉప్పునీళ్ళు నిలబడి, ఆ చోట అల్యూమినియం చిన్న చిన్న గుంటలు పడుతుంది. వల ప్లాస్టిక్ ట్రేలో పెట్టుకోవాల, ఇంటికొచ్చినాక బోరు నీళ్ళతో ఒకసారి లోపలా బయటా కడిగెయ్యాల. కడుగుతాన్లే అబ్బయా అన్నాడు, ఆయన కడగడు, పెద్దమ్మ కడుగుతుంది.

పెట్రోలు విషయం ఒక్కమాట, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసింది, అది తేమ లాక్కుంటుంది, వారాల తరబడి ట్యాంకులో ఉంచితే అడుగున నీళ్ళు చేరి కార్బొరేటర్ మొరాయిస్తుంది. ఎంత కావాలో అంతే పోసుకోండి, నీళ్ళు వడగట్టే ఫిల్టర్ ఒకటి పెట్టించుకోండి.

కాగితాల పని కొడుక్కి అప్పజెప్పినా. ఇంజన్ ఉన్న బోట్లకి 2021 ఇన్‌లాండ్ వెస్సెల్స్ చట్టం ఉంది, పులికాట్ పక్షుల అభయారణ్యం కూడా కాబట్టి మత్స్యశాఖ ఆఫీసులో, ఫారెస్ట్ వాళ్ళ దగ్గర ముందే కనుక్కోవాల, డబ్బులు కట్టినాక కాదు. ఫ్లెమింగోలు మేసే పల్లపు నీళ్ళలోకి ఇంజన్ వేసుకుని పోకూడదు, పెద్దాయన ఎట్లాగూ పోడు. లైఫ్ జాకెట్లు ఆరు, అందులో రెండు పిల్లల సైజువి, పెద్దవాళ్ళవి పిల్లలకి వేస్తే నీళ్ళలో పడ్డప్పుడు తలమీదనుంచి జారిపోతాయి. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం గుర్తుచేసినాక ఆ విషయంలో బేరం ఆడలేదు.

ఒక వర్షాకాలం గడిచినాక తడ వైపు పని పడి పోయినప్పుడు బోటు తిప్పేసి చూసినా. మూల వెల్డింగ్ అంతా శుభ్రంగా ఉంది, మూడో రిబ్బు దగ్గర మళ్ళీ డై కొట్టినా, గీత రాలేదు. ఆనోడ్ బిళ్ళ కొంచెం తినింది, అంటే దాని పని అది చేస్తోంది. వెనక సీటు కింద ఒకచోట బియ్యపుగింజంత గుంటలు నాలుగైదు కనపడినాయి, పైన వల ట్రే లేదు, ఉత్త వలే ఉంది. పెద్దాయన నా వైపు చూడకుండా గెడ తుడుచుకుంటా ఉన్నాడు. గుంటలు పైపైనే ఉన్నాయి కాబట్టి రుద్ది పెయింట్ వేసినా. కొడుకు ఇప్పుడు వెనక సీటు ఒక జానెడు ముందుకి జరపమంటున్నాడు, ఒక్కడే పోయినప్పుడు వెనక బరువెక్కువై ముక్కు లేస్తోందంట. జరపొచ్చు, కానీ ఆ సీటు కింద ఫోమ్ కూడా దాంతోపాటే జరగాల, అందుకే ముందు పెట్రోలు ట్యాంకు ముందు సీటు కిందికి మార్చి, పైపు పొడుగుది వేసి చూడమన్నా.